బెంచీకి తెలియని నంబరు

9-6-2008, సోమవారం. ఉదయం 7.30
ఇవాళ్టి నుంచి రోగుల సంగతి గడప దాటదు. ఒట్టు.

పోయిన నెల కేసుల పుస్తకం వరండాలో బెంచీ మీద మరిచిపోయాను. టైలరు నన్నే సాహెబ్ గారు అట్ట నుంచి అట్ట దాకా చదివారు. "దస్తూరీ బాగుందండీ డాక్టరుగారూ" అన్నారు. ఇంకేమీ అనలేదు. ఆ సాయంత్రం పటమటలో సగం మందికి మిగతా సగం మంది జబ్బులు తెలిశాయి.

నాకు మాటలు రావు. చదువు మైలవరం అవతల పల్లెలో ఎనిమిది దాకా. హోమియో పోస్టులో నేర్చుకున్నాను. నాకున్న పేరల్లా ఒక్కటే, ఈయన ఎవరికీ చెప్పడు అని. అది కూడా పోతే ఈ పంచదార గోళీలు ఎవరు మింగుతారు?

11-6, బుధవారం. మధ్యాహ్నం 12
బెంజ్ సర్కిల్ దగ్గర తౌఫీక్ గారి కొట్లో హార్డ్ డిస్కు కొన్నాను. సబ్బుపెట్టెంత ఉంది. పైన ఫోనుకున్నట్టు అంకెల మీటలు.

"తాళం వేసే చిప్పు ఈ పెట్టెలోనే ఉందండీ. కంప్యూటరుతో పనిలేదు. డిస్కు ఊడదీసి పట్టుకుపోయినా లోపల పిచ్చి అక్షరాలే కనపడతాయి" అన్నారు తౌఫీక్.

"నంబరు తప్పు కొడితే?"

"పదోసారి తాళంచెవి తనే చెరిపేసుకుంటుంది. ఇక ఎవడి తరమూ కాదు."

ఆ మాట చాలా నచ్చింది. దారంతా నవ్వుకుంటూ వచ్చాను.

నియమాలు:
1. నంబరు ఎవరికీ చెప్పను.
2. ఎక్కడా రాయను.
3. ఒకరి జబ్బు ఇంకొకరి ముందు ఎత్తను.

12-6, గురువారం. ఉదయం 8
డిస్కుకు పూజ. ఇంట్లో ఆవిడ పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆ చేత్తో నా చేతిలో కుంకుమ పెట్టింది. ఆ చేత్తో నేను నంబరు కొట్టాను. పచ్చ దీపం వెలిగింది. శుభం. కేసులన్నీ కంప్యూటరులో కొట్టి ఇందులో దాచి, పుస్తకం చింపేస్తాను.

15-6, ఆదివారం. ఉదయం 10
కాలేజీకి సెలవు, పైగా బెంచీ కూడా ఖాళీగా ఉంటుందని కిరీటి గారు వచ్చారు. కోచింగు కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. రెండు చెవులూ తగ్గుతున్నాయి, లోపల ఒకటే మోత. పెద్దాసుపత్రిలో చెవికి మిషను పెట్టుకోమన్నారట.

"మిషను చూశారంటే రేపటి నుంచి నన్ను బోర్డు దగ్గరికి రానివ్వరండీ. నాకు ఆ పాఠం తప్ప ఇంకోటి రాదు. ఎక్కడా పొక్కకూడదు."

డిస్కు చూపించి, చిప్పు సంగతి వివరించాను. ఆయనకు ఎంత వినపడిందో తెలియదు. చెయ్యి పట్టుకుని ఊపారు.

19-6, గురువారం
నన్నే సాహెబ్ గారు డిస్కును తిప్పి చూశారు. "నాలుగు మీటలే ఎర్రగా ఉన్నాయేంటండీ? మిగతావి పనిచెయ్యవా?"

తడిగుడ్డతో తుడిచాను. ఆలస్యమైంది. అయినా వరస తెలియదు కదా. ఫరవాలేదు.

24-6, మంగళవారం. మధ్యాహ్నం 2
నేను భోజనానికి వెళితే మందులు కట్టే సువార్తమ్మకు ఫైళ్లు కావాలి.

"నన్ను నమ్మరా అయ్యగారూ? పదకొండేళ్ల నుంచి చేస్తున్నా."

నంబరు చెప్పలేదు. వేలితో మీటలు చూపించాను. నోరు విప్పలేదు కాబట్టి ఒకటో నియమం చెడలేదు.

26-6, గురువారం
సువార్తమ్మకు గుర్తుండలేదట. నేను లేనప్పుడు నన్నే సాహెబ్ గారు వరస చెప్పారట. మీటలు నొక్కేటప్పుడు నా పెదాలు కదులుతాయట.

ఆయన పెద్దమనిషి. ఫరవాలేదు.

30-6, సోమవారం. రాత్రి
ఎలా రాయను.

పదకొండు గంటలకు కిరీటి గారు వచ్చారు. మోత ఎక్కువై ఆదివారం దాకా ఆగలేకపోయారు. బెంచీ నిండా జనం. మోకాళ్ల నొప్పికి వచ్చిన ఛాయాదేవి గారు కూడా ఉన్నారు. ఆవిడ భర్త ఆ కాలేజీ ఆఫీసుకు పెద్ద.

లోపలి గదిలోకి పిలుద్దామనుకున్నాను. ఒక్క మనిషిని లోపలికి పిలిస్తే బెంచీ గుప్తరోగం అనుకుంటుంది. పెళ్లికావాల్సిన మనిషి. గట్టిగా అడిగితే అందరికీ వినపడుతుంది. అందుకని తెలివిగా చీటీ రాసి ఇచ్చాను.

కిరీటి గారు చీటీ అందుకుని లేచి నిలబడ్డారు. పన్నెండేళ్ల అలవాటు. ముందు ప్రశ్న పైకి చదువుతారు, తరవాత జవాబు చెబుతారు. వందమంది పిల్లలకు వినపడే గొంతు.

"కుడిచెవిలో మోత తగ్గిందా? ఎడమచెవి బొత్తిగా వినపడటం లేదా?" అని చదివారు. బెంచీ వైపు తిరిగి, "మోత తగ్గలేదు. ఎడమచెవి పోయినట్టే" అన్నారు.

ఛాయాదేవి గారు మందు తీసుకోకుండానే వెళ్లారు. మోకాళ్ల నొప్పి మనిషి అంత త్వరగా మెట్లు దిగడం నేను చూడలేదు.

డిస్కు మాత్రం భద్రంగా ఉంది. పచ్చ దీపం.

1-7, మంగళవారం. ఉదయం 6
నంబరు మార్చాను. సువార్తమ్మకు చెప్పలేదు. పెదాలు కదపలేదు. ఎక్కడా రాయలేదు. నియమాలన్నీ పూర్తిగా పాటించింది ఇవాళే.

4-7, శుక్రవారం. ఉదయం 9.20
కొత్త నంబరు గుర్తు రావడం లేదు.
9.25 పెళ్లిరోజు. కాదు.
9.30 ఇంటి నంబరు. కాదు.
9.50 ఎనిమిది తప్పులు.
10.05 తొమ్మిది. తౌఫీక్ గారికి ఫోను చేశాను. ఆపెయ్యమన్నారు.
10.10 ఆపలేదు. ఎర్ర దీపం.

అంతా పోయింది. మూడు వందల పన్నెండు ఫైళ్లు. పిచ్చి అక్షరాలు కూడా లేవు.

5-7, శనివారం
బెంచీకి తెలిసింది.

"దిగులెందుకండీ, రాసుకోండి" అన్నారు నన్నే సాహెబ్ గారు. తన ఫైలు కాదు, పక్కాయనది మొదలుపెట్టారు. ఆ పక్కాయన సాహెబ్ గారిది చెప్పారు. తేదీలతో సహా. సువార్తమ్మ మధ్యలో దిద్దింది. సాయంత్రానికి రెండు వందల నలభై వచ్చాయి. కొన్నింటిలో నాకు తెలియని వివరాలు కూడా ఉన్నాయి.

కిరీటి గారి ఫైలు ఐదుగురు చెప్పబోయారు. వద్దన్నాను.

13-7, ఆదివారం. ఉదయం 10
కిరీటి గారు వచ్చారు. బోర్డు దగ్గరినుంచి తీసేశారట. పరీక్ష పేపర్లు దిద్దే గదిలో కూర్చోబెట్టారు.

"మీరు ఎవరికీ చెప్పలేదు కదండీ?"

తల అడ్డంగా ఊపాను. అబద్ధం కాదు. అయినా తల బరువుగా కదిలింది.

తౌఫీక్ గారు ఖాళీ చేసి ఇచ్చిన డిస్కులోనే ఆయన ఫైలు కొత్తగా మొదలుపెట్టాను. పేరు, వయసు, చెవులు. ఉద్యోగం దగ్గర ఏం రాయాలో తెలియక వదిలేశాను. ఆయన చూశారు. కుర్చీ జరుపుకుని తనే టైపు చేశారు: ఫిజిక్స్ లెక్చరర్.

"ఇది మాత్రం తాళంలో ఉంచండి" అన్నారు, క్లాసులో చెప్పినంత గట్టిగా.

ఆదివారమైనా బెంచీ మీద నలుగురున్నారు. ఎవరూ తల ఎత్తలేదు.

ఆయన వెళ్లాక నంబరు మార్చాను. ఇవాళ్టి నుంచి ఎవరికీ చెప్పను. మొదటి రోజు.