ఇరవయ్యో వరస తర్వాత

మంగళవారం, మదనపల్లె

రెండు నెలలుగా తప్పు నా పరిశోధన సమీకరణంలోనే ఉందనుకున్నాను. పెద్దమ్మ ప్రార్థన అయ్యాక రోజుకొక్క వరస చొప్పున నాకో ఊలు ముక్క అల్లి ఇచ్చింది. అందులోని ఒక్కో లూపును కొలిచి కంప్యూటర్లో దాని ఆకారం గీయిస్తున్నాను. మొదటి ఇరవై వరసలు అచ్చం సరిపోతాయి. ఆ తర్వాత అసలు లూపులు నా గీతను దాటి పెద్దవవుతూ పోతాయి. ఎన్నిసార్లు మార్చినా అంతే.

ఈరోజు పుంగనూరు పోయి పెద్దమ్మను చూశాను. ఆస్పత్రిలో నర్సుగా ఉన్నప్పటి నుంచీ పసిబిడ్డలకు టోపీలు అల్లిన మనిషి, కాఫీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది. కుడిచెయ్యి వణుకుతోంది.

"ఎన్నాళ్ళ నుంచి పెద్దమ్మా?"

"సలికి ఇట్లుండాదిలేమ్మా. ఎవురికీ సెప్పొద్దు. నీ లెక్క కుదిరిందా?"

కుదిరిందని అబద్ధం చెప్పాను.

ఇంటికొచ్చి, దారం మీద చేతిపట్టు రోజురోజుకూ తగ్గుతోందని సమీకరణంలో రాసి చూశాను. ఆఖరి లూపు దాకా సరిపోయింది. ఇది చూస్తే కుప్పం యూనివర్సిటీలో మా రీసెర్చ్ గైడు ఎగిరి గంతేస్తాడు.

గీతను ఇంకాస్త పొడిగిస్తే ఆ చెయ్యి ఏ రోజుకు సూది పట్టలేకపోతుందో కూడా చెప్పేస్తుంది. పొడిగించలేక మూసేశాను. రెండు నెలలు ఈ లెక్క కుదరాలనే ప్రార్థించాను. ప్రభువా, ఇది తప్పని తేల్చు.