ఫైర్‌ప్లేస్ మీద కొలువు

2010 డిసెంబర్, ఆదివారం రాత్రి. ములింగార్.

ఫైర్‌ప్లేస్ పైన క్రిస్మస్ అలంకరణ అయింది. పశువుల పాక, గొర్రెలు, పక్కన నా కొండపల్లి ఏనుగు అంబారీ. ఏ పండగైనా నా చేతికి వచ్చేది బొమ్మల కొలువే. కొలువులో ఏటా ఒక కొత్త బొమ్మ చేరాలనేది అమ్మ నియమం. దసరా ముందు ఆ ఒక్క బొమ్మ కోసం నన్ను వెంటేసుకుని బజారంతా తిరిగేది. ఈ దేశానికొచ్చాక నేనూ మానలేదు.

ఈ ఏడు కొనలేదు. రిసెషన్‌లో మా ఆయన ఉద్యోగం పోయింది. వచ్చే క్రిస్మస్‌కి ఈ ఇంట్లో ఉంటామో లేదో...

"కొత్తది లేకపోతే కొంపలేం మునగవులే" అన్నారాయన.

అంతలో మా చిన్నది రంగు బంకమట్టితో చేసిన మనిషి బొమ్మను తెచ్చి గొర్రెల మధ్య నిలబెట్టింది. "దట్స్ డాడీ. హీ ఈజ్ హోమ్ ఎవ్రీ డే నౌ. ఇట్స్ గ్రాండ్!"

ఆయన నవ్వబోయి, బొగ్గు తెస్తానంటూ పెరట్లోకి వెళ్లిపోయారు. ఫైర్‌ప్లేస్ పక్కన బకెట్ నిండా బొగ్గుంది.

కొలువు ఎత్తే రోజున, ముగిసిందన్న గుర్తుగా అమ్మ ఒక బొమ్మను పడుకోబెట్టేది. నేనూ అలాగే చేస్తాను. ఈసారి ఏనుగునైనా పడుకోబెడతాను గానీ, ఆ మట్టి మనిషిని మాత్రం నిలబెట్టే ఉంచుతాను.