అమ్మ దవడ, రెండు నమూనాలు

జూన్ 9, ఆదివారం

చెల్లాయికి,

అక్క దీవెనలు. మేమంతా కులాసా అని రాద్దామంటే అమ్మ ఒప్పుకోదు. కిందటేడు మెట్ల మీంచి పడ్డప్పుడు విరిగిన దవడ కీలు ఇప్పుడు పూర్తిగా అతుక్కుపోయింది. నోట్లో చెంచా కూడా పట్టడం లేదు. పాలూ పళ్ళరసమూ తాగీ తాగీ విసుగెత్తి, బిగిసిన పళ్ళ సందులోంచే నన్ను తిడుతోంది. తిట్లకు మాత్రం కీలుతో పని లేదు.

అమ్మ స్కానును బట్టి నువ్వు ప్లాస్టిక్‌తో అచ్చు వేయించి పంపిన దవడ నమూనాలు రెండూ అందాయి. బీరువా మీద పడేశాను, ఇంకా విప్పలేదు. ఆపరేషను నువ్వే చెయ్యాలని అమ్మ పట్టుబట్టాక ఇక నాకెందుకు?

ఒళ్ళు మండిపోతోంది, దాచుకోవడం నా వల్ల కాదు. ఈ దవడ సర్జరీలోకి నీకంటే ముందు వచ్చినదాన్ని. మా గురువుగారి పక్కన, కోసిన కండను లాగి పట్టుకుని, కాళ్ళు పీకేదాకా నిలబడి నేర్చుకున్నాను. కీలు మీద వేలు వేసి నోరు తెరవమంటే, ఆ కదలికను బట్టే కత్తి ఎక్కడ పెట్టాలో తెలిసేది. నీ శిష్యులకు ఆ కష్టమేదీ? రబ్బరు చర్మం కప్పిన అచ్చు దవడ, లోపల మొహం నరానికి బదులు ఒక తీగ. కత్తి తగిలితే బజర్ మోగుతుంది. నాలుక కరుచుకుని ఇంకో దవడ తెచ్చుకుంటారు. ఆ ఆటలకు నీకు సన్మానాలు, పేపర్లో ఫొటో. వచ్చినవాళ్ళందరికీ అమ్మ ఆ ఫొటోనే చూపిస్తోంది. నా గురించి ఎప్పుడైనా అంత మురిసిపోయిందా?

టికెట్లు తీశాను. గురువారం పొద్దున్న అమ్మను తీసుకొస్తాను. దిగబెట్టి వెళ్ళిపోతాను, మంచినీళ్ళకు కూడా ఆగను.

నీ అక్క

తా.క. విప్పలేదన్నది అబద్ధం. అమ్మ పట్టుబట్టిందన్నదీ అబద్ధమే. అమ్మ ముందు నన్నే అడిగింది, నీ చెయ్యి అయితే నాకు భయం లేదే అంది. ఆ మాటకు పొంగిపోయి, తలుపేసుకుని నువ్వు పంపిన మొదటి నమూనా మీద ఆపరేషను చేసి చూశాను. అలవాటు కొద్దీ కీలు మీద వేలు వేసి కదలిక కోసం చూశాను. అతుక్కుపోయింది ఎలా కదులుతుంది? ఉజ్జాయింపుగా కోశాను. బజర్ మోగింది. రెండోదాని మీదా మోగింది. అదే అమ్మ అయితే ఆ పక్క కన్ను మూతపడేది కాదు, నవ్వు వంకర పోయేది. నాకంటే చెల్లే బాగా చేస్తుందని నేనే చెప్పాను. అమ్మ ఇంకా సగమే నమ్మింది.

జాగ్రత్తగా చెయ్యవే. నువ్వు బాగా చేస్తే బతికినన్నాళ్ళూ కుళ్ళుకుంటాను, నాకేం ఫరవాలేదు.