ముట్టని సగం

నాంపల్లి,
9-8-1975

అత్తయ్యగారికి నమస్కారాలు. నా జ్వరం పూర్తిగా తగ్గింది, దిగులు పడకండి.

నిన్న అబిడ్స్‌లో ఒక ఉపన్యాసానికి వెళ్ళాను. సముద్రం అడుగున బోరు వేసే ఓడలో పనిచేసి వచ్చిన శాస్త్రజ్ఞుడు మాట్లాడాడు. ఎక్కడ బోరు వేయాలో ఏ ఒక్కరో తేల్చరట. తేలవలసిన ప్రశ్నను ఎవరైనా రాసి పంపవచ్చు. పండితుల సంఘం కూర్చుని ఎంచుతుంది. ఒక్కో ప్రయాణం రెండు నెలలు. నానా దేశాలవాళ్ళు పన్నెండేసి గంటలు వంతులవారీగా పనిచేస్తారు. గొట్టంలో పైకి వచ్చిన మట్టిని నిలువునా కోసి, ఒక సగం పరీక్షిస్తారు. రెండో సగం ముట్టకుండా దాస్తారు.

హాల్లో కుర్చీలు సర్దే నర్సింగ్ ఉండబట్టలేక అడిగాడు: "గంత కష్టపడి తెచ్చి సగం ఊకెనే పెడ్తరా సార్? గదేంది?"

"ఇవాళ మాకు తోచని ప్రశ్నలు రేపు ఎవరికో తోస్తాయి. వాళ్ళకోసం," అన్నాడాయన.

"ఔ సార్, మా ఇంటిది గట్లనే అల్లుడొస్తడని పచ్చడి దాస్తది!"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

హైమ దగ్గు తగ్గిందా? పాలు తాగుతోందా?

సంవత్సరీకం అయ్యాక మీ అమ్మాయి చీరలు, సామాను పంచేస్తానని రాశారు. కాదనను. సగమే పంచండి. మిగిలిన సగం, ఆమె రాసుకున్న కాగితాలతో సహా, మడత విప్పకుండా పెట్టెలోనే ఉంచండి. హైమకు మూడేళ్ళే. పెద్దయ్యాక వాళ్ళమ్మ గురించి ఏమడుగుతుందో మనకిప్పుడు తెలియదు.

మామయ్యగారికి నమస్కారాలు. హైమకు ఆశీస్సులు.

మీ అల్లుడు,
తాతారావు