మరక అని రాసిన చోట

విభాగాధిపతి గారికి నమస్కారం.

ప్రొఫెసర్ పోస్టుకు నా శిష్యురాలు పనికిరాదని నిన్న నేను పంపిన నివేదికను దయచేసి పక్కన పెట్టండి.

ఆమెకు హీబ్రూ అక్షరాలు దిద్దించింది నేనే. అరబీ మాత్రం నాకు చెప్పకుండా నేర్చుకుంది. ఖురాన్ మీద ఒక పాత అరబీ వ్యాఖ్యానాన్ని, దాని చేతిరాత ప్రతిలోనే, నేను పదకొండేళ్లు చదివాను. అందులో ఒక మాట మీద నేను చూడని చుక్కను ఆమె చూసింది. ఆ చుక్క ఉంటే అక్షరమే మారిపోయి, అది హీబ్రూ నుంచి వచ్చిన మాట అవుతుంది. ఈ పోస్టు కోసం ఆమె పంపిన పుస్తకమంతా దాని మీదే నిలబడింది.

అప్పట్లో భూతద్దం నా చేతికిచ్చి, "మేడమ్, ఇది చుక్కే కదా?" అంది. "అది కాగితం మీద మరకమ్మా," అన్నాను. నివేదికలోనూ అదే రాశాను. కానీ అది అక్షరాల సిరాతోనే పెట్టిన చుక్క అని ఆ రోజే నాకు తెలిసిపోయింది. నా కళ్లు బాగానే ఉన్నాయి. కడుపు మండింది, అంతే.

ఈ ఉదయం వరండాలో ఎదురై, "నా పుస్తకం మీరే చదివారట, అది చాలు మేడమ్," అంటూ నా సంచి అందుకుని గది దాకా మోసుకొచ్చింది. ఆ తర్వాత నేను పాఠం చెప్పలేకపోయాను.

ఆమె చెప్పింది సరైనదేనని కొత్త నివేదిక జతచేస్తున్నాను. అందులో మూడు వాక్యాలే ఉన్నాయి. మెచ్చుకుంటూ నాలుగోది రాయమని మాత్రం నన్ను అడగవద్దు.

ఇట్లు,
మీ శాఖలో హీబ్రూ చెప్పే అధ్యాపకురాలు