ఇంకొక్క వారం

కొమురమ్మా,

మోత్కూరులో డేరా వేసి సినిమా ఆడిస్తుంటే నిన్న పోయాను. ఒక్క సినిమా అయినా చూడాలని నువ్వు అంటుండేదానివి, అందుకే చెబుతున్నాను. పదహారేళ్ల పిల్లాడు, పదిహేనేళ్ల పిల్ల, ఒక ఎండాకాలం. అంతే కథ. ఇద్దరూ బావి గట్టున కూచుని మామిడికాయ కొరుక్కుంటారు, మాట్లాడుకోరు. నా పక్కనున్న పెద్దాయన "గిదేం సినిమా? ఏం జరుగుతలేదు" అని లేచిపోయాడు. సగం డేరా ఖాళీ అయింది. నాకు మాత్రం తెర మీద మా చెలకే కనబడింది.

మనిద్దరికీ వాళ్ల ఈడే ఉన్న ఆ ఏడు, ఎరువు కోసం మీ గొర్రెల మందను మా చెలకలో పెట్టించుకున్నాం. పది రోజులు కాగానే మీ బాపు తడికలు విప్పబోయాడు. నువ్వు వెళ్లిపోతావని నేను మా బాపుతో అబద్ధం ఆడాను.

"కింది చెలకకు ఎరువు సాలలే బాపూ. ఇంకొక్క వారం మందను ఉండనీ."

"సరే తియ్," అన్నాడు.

సంగతి తెలియక నువ్వు సంబరపడ్డావు.

ఆ వారంలోనే మా ఊరికి గత్తర రోగం వచ్చింది. మా బావి నీళ్లే నువ్వూ తాగావు. పొద్దున వాంతులు, విరేచనాలు మొదలై సాయంత్రానికి పోయావు. నిన్ను చెలక గట్టున పూడ్చి, మీవాళ్లు మందను తోలుకుపోయారు. ఆ అబద్ధం సంగతి మా బాపుకు ఇప్పటికీ తెలియదు.

సినిమా చివర ఆ పిల్ల బస్సెక్కింది. పిల్లాడు ఒక్క మాట అంటే ఆగేదే. అనలేదు. బస్సు పోయింది.

"గీడేం మొగోడు, జర ఆపరాదా?" అని వెనక ఎవరో తిట్టారు.

నాకు మాత్రం లేచి వెళ్లి ఆ పిల్లాడి కాళ్లు మొక్కాలనిపించింది.