బొజ్జ ఉన్న పిల్లే ముందు అమ్ముడుపోతుంది

పశువైద్యాధికారి గారి సముఖమునకు, మేడ మీది వాటాలో ఒంటరిగా నివసించు ఒక విశ్రాంత గుమాస్తా సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా ఇంటి కింది వాటాలో నెల తిరగని కుక్కపిల్లలను కడుపులో పురుగులతోనే అమ్ముట, తల్లికుక్కకు ఊపిరి తీసుకునే వ్యవధి లేకుండా ఈత మీద ఈత వేయించుట, వీటిని పై ఆదివారం లోపల నిలుపుదల చేయించుట గురించి.

తమరి సమయం విలువైనదని ఎరుగుదును. నేను కుళాయి నీళ్ళ ఆఫీసులో ఉద్యోగమంతా అర్జీలు అందుకునే బల్ల దగ్గరే వెళ్ళబుచ్చాను. పొడుగాటి అర్జీకి ఏ గతి పడుతుందో నాకు తెలియనిది కాదు. మొదటి పేజీ చదివి, చివరి పేజీలో సంతకం ఉందో లేదో చూసి, మధ్యదంతా దేవుడికి వదిలేసేవాళ్ళం. అందుచేత పొట్టిగా రాయాలనే కూర్చున్నాను. కానీ ఈ మధ్య ఇంట్లో మాట్లాడే మనిషి లేక మాటలన్నీ నిలవుండిపోయాయి. కలం పట్టేసరికి ఒకదాన్ని తోసుకుంటూ ఒకటి వస్తున్నాయి. దయచేసి మధ్య పేజీలు కూడా చదవవలసిందిగా ముందే వేడుకొనుచున్నాను.

1. ప్రతివాది వివరములు: ప్రతివాది నా బావమరిది. స్వర్గస్థురాలైన నా భార్యకు స్వయానా తమ్ముడు. పెళ్ళీ పెటాకులూ లేనివాడు. పనిచేసే విడిభాగాల దుకాణం మూతపడ్డాక, పాత యజమాని దగ్గర్నుంచి ఒక జాతి ఆడకుక్కను తెచ్చుకుని, మా కింది వాటాలో స్కూటర్ పెట్టుకునే గదిని ఖాళీ చేసి ఈ వ్యాపారం పెట్టాడు. మనిషి చెడ్డవాడని నేను ఎక్కడా ఆరోపించుట లేదు. వాళ్ళక్క పోయిన నాటి నుంచి ప్రతి సాయంత్రం పైకి వచ్చి నాతో కలిసి భోంచేసేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైందని ఒకరోజు, తక్కువైందని ఒకరోజు వంక పెట్టేవాడు. తిన్న కంచం తనే కడిగి బోర్లించి వెళ్ళేవాడు. ఈ సంగతి కేసుకు అనవసరమని తమరు భావిస్తే కొట్టివేయగలరు.

2. తల్లికుక్క వివరములు: పేరు దొరసాని. బావమరిది పెట్టిన పేరే. వచ్చిన కొత్తలో తలెత్తుకుని, ఎవరినీ ఖాతరు చేయకుండా, ఆ పేరుకు తగ్గట్టే తిరిగేది. ఇప్పుడు పక్కటెముకలు బయటపడి, పొదుగు వేలాడుతూ, మెట్టు ఎక్కాలంటే ఆగి ఆలోచించుకుంటోంది. ఎదకు వచ్చిన ప్రతిసారీ మగకుక్క తయారుగా ఉంటుంది. ఒక కానుపుకీ ఇంకో కానుపుకీ మధ్య ఒంట్లో రక్తం పట్టేంత ఎడం ఇవ్వలేదు. కిందటి కానుపులో ఆఖరి పిల్ల అడ్డం తిరిగితే, తమ ఆసుపత్రిలోని డాక్టరమ్మ గారే చేతితో తీసి ప్రాణం కాపాడారు. అప్పుడు నా బావమరిది ఆసుపత్రి గచ్చు మీద కూలబడి, దాని తల ఒళ్ళో పెట్టుకుని, దొరసానీ దొరసానీ అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను కళ్ళారా చూశాను. "ఇంకో ఈత పడితే తల్లి దక్కదు, ఆపరేషన్ చేయించెయ్యండి" అని డాక్టరమ్మ గారు మా ఇద్దరికీ చెప్పారు. ఇంటికి వచ్చి అన్నం తిన్నాక వాడికి ధైర్యం తిరిగొచ్చింది. డాక్టర్లు అలాగే భయపెడతారని తేల్చేశాడు.

ఇప్పుడు పిల్లలు పాలకు వస్తే అది లేచి పైకి వచ్చేస్తోంది. వచ్చి నా గడపకు అడ్డంగా పడుకుంటుంది. కింద పిల్లలు ఏడుస్తుంటే చెవులు కదుపుతుంది గానీ లేవదు. కన్నపిల్లల దగ్గర్నుంచి తప్పించుకుని వచ్చిన తల్లిని వెళ్ళగొట్టడానికి నాకు మనసొప్పుట లేదు.

3. కడుపులో పురుగులను గురించి: ఇది తమరికి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడం. అయినా అర్జీలో ఉండాలి గనుక రాస్తున్నాను. పిల్లల్లో ఒకటి బొత్తిగా నీరసించిపోతే, కూరగాయల సంచిలో పెట్టుకుని డాక్టరమ్మ గారి దగ్గరకు తీసుకుపోయాను. ఆవిడ దాని పెదవి ఎత్తి పంటి చిగురు చూపించారు. తెల్లకాగితంలా పాలిపోయి ఉంది. పురుగులు తల్లి కడుపులోంచీ తల్లిపాలలోంచీ పిల్లలకు వస్తాయనీ, పుట్టిన రెండో వారం నుంచే మందు మొదలుపెట్టాలనీ, తల్లికి కూడా వేయకపోతే పిల్లలకు వేసిందంతా వృథా అనీ చెప్పారు. కుక్కపిల్లలు తిరిగిన మట్టిలో ఆడుకునే మనుషుల పిల్లలు చేతులు కడుక్కోకుండా నోట్లో పెట్టుకుంటే వాళ్ళకూ ప్రమాదమేనట. ఒక్కొక్క కూననూ తూచి, బరువును బట్టి, విడివిడిగా నోట్లో వేయమని మందు సీసా ఇచ్చారు.

నేను ఆ సీసాను ఒక్క మాట కూడా పొల్లుపోకుండా చెప్పి బావమరిదికి అప్పజెప్పాను. వాడు శ్రద్ధగానే విన్నాడు. విని, ఒక్కొక్కదాన్ని పట్టుకోవడం ఎవరివల్ల అవుతుందని, అన్నింటి మోతాదూ ఒకేసారి పాలగిన్నెలో కలిపి ముందు పెట్టేశాడు. గుండోడని మేము పిలుచుకునే తిండిపోతు పిల్ల అందరినీ తోసేసి ముప్పాతిక గిన్నె లాగించింది. నీరసంగా ఉన్న పిల్లకు గిన్నె అంచు నాకడమే దక్కింది. సాయంత్రానికి గుండోడు దారపు ఉండల్లాంటి పురుగులు కక్కి, తూలి, పడిపోయాడు. తెల్లారేసరికి లేచాడనుకోండి. కానీ అప్పటికే నింద నా నెత్తిన పడిపోయింది. "చూశావా బావా, నీ మందే వీణ్ణి చంపేసేది" అన్నాడు. మిగిలిన మందు తల్లికైనా వేయమంటే, పెద్దదానికి పురుగులేమిటని నవ్వాడు. తల్లి దగ్గర మళ్ళీ పాలు తాగిన పిల్లలకు మళ్ళీ అవే పురుగులు.

4. పిడుదులను గురించి: స్కూటర్ గది గోడ పగుళ్ళలో కాపురం పెట్టాయి. సున్నం కొట్టించాలి. ఒకప్పుడు మధ్యాహ్నాలు నేనూ బావమరిదీ ఎదురెదురుగా పీటలు వేసుకుని, చెరొక పిల్లనూ ఒళ్ళో పెట్టుకుని, చెవుల వెనకా వేళ్ళ సందుల్లోనూ ఏరి సబ్బునీళ్ళ గిన్నెలో వేసేవాళ్ళం. వాళ్ళక్క కబుర్లు చాలా వరకు ఆ పీటల మీదే చెప్పుకున్నాం. ఇప్పుడు ఆ పని ఆగిపోయింది. పిడుదులు పెరిగిపోయాయి.

5. అమ్మకం తీరును గురించి: ఇదే నా ప్రధాన ఆరోపణ. కొనడానికి వచ్చేవాళ్ళకు కుక్కల సంగతి తెలియదు. గదిలోకి తొంగిచూసి, అన్నింటిలోకీ పెద్ద బొజ్జ ఉన్న పిల్లను చూపించి, అదిగో అది పుష్టిగా ఉంది, అదే కావాలంటారు. కింద కాళ్ళు పుల్లల్లా ఉన్నాయా, వెన్నెముక తేలి ఉందా, ఎవరూ చూడరు. ఆ బొజ్జ పురుగులది. ఎక్కువ పురుగులున్న పిల్లే ముందు అమ్ముడుపోతుంది. అది చాలనట్టు, బేరం వస్తోందంటే నా బావమరిది పిల్లలకు గొంతుదాకా పాలు పట్టిస్తాడు. ఇంకా పళ్ళు సరిగా రాని కూనను తల్లి దగ్గర్నుంచి తీసి అట్టపెట్టెలో పెట్టి ఇచ్చేస్తాడు. చిన్నగా ఉంటేనే ముద్దొస్తుందనీ, ముద్దొస్తేనే పోతుందనీ వాడి సిద్ధాంతం.

మా వీధి చివర కుట్టుమిషన్ పెట్టుకున్న ఆవిడ అలాగే ఒకదాన్ని తీసుకుపోయింది. వారం తిరక్కుండా తువ్వాలులో చుట్టి తిరిగి తెచ్చింది. పిల్ల పోయింది. ఆవిడ గొడవ చేయలేదు. దాన్ని ఎక్కడ పూడ్చాలో తెలియక తెచ్చానంది. నా బావమరిది నొచ్చుకుని, ఆ తువ్వాలు అందుకుని, అదే ఈతలోని ఇంకో పిల్లను ఆవిడ చేతిలో పెట్టాడు. న్యాయం చేశాననే అనుకున్నాడు. ఆ రెండోదాని సంగతి అడగడానికి నేను ఆ వీధి వైపు వెళ్ళడం మానేశాను.

ఇది జరిగాక ఒకాయన తన కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ అమ్మాయి గుండోడిని గుండెలకు హత్తుకుని, నాన్నా, వీడి బొజ్జ చూడు అంది. నేను మెట్ల మీద నిలబడి ఉన్నాను. నోరు ఆగలేదు. "అది పుష్టి కాదండీ, పురుగులు. వైద్యం చేయించాకే తీసుకెళ్ళండి" అన్నాను. ఆయన కూతురి చేతిలోంచి పిల్లను తీసి కింద పెట్టి, రుమాలుతో చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి చూస్తూ వెళ్ళింది.

బావమరిది అరుస్తాడనుకున్నాను. అరవలేదు. మెల్లగా అన్నాడు: "బావా, బయటివాడు చేస్తే దులుపుకునేవాణ్ణి. నువ్వే నా నోటికాడ కూడు తీశావు."

6. తదుపరి పరిణామములు: ఆనాటి నుంచి ప్రతివాది పైకి వచ్చుట లేదు. ఇది తమ శాఖ పరిధిలోనిది కాదని తెలుసు. చేతి అలవాటు చొప్పున బియ్యం ఇద్దరికి సరిపడా పోస్తున్నాను. మిగిలింది దొరసాని తింటోంది, దానికైనా కాస్త కండ పడితే మంచిదే. కింద వాడు పొయ్యి వెలిగించిన చప్పుడు, గిన్నె పడేసిన చప్పుడు, దగ్గిన చప్పుడు అన్నీ నాకు వినిపిస్తాయి. నా చప్పుళ్ళు కూడా వాడికి వినిపిస్తూనే ఉండాలి. ఒకే ఇంట్లో ఇద్దరం విడివిడిగా ఉప్పు చూసుకుంటున్నాం. నాకు చాలా దిగులుగా ఉంది. అర్జీలో ఈ మాట రాయకూడదు. మా ఆఫీసులో అయితే ఎర్రసిరాతో కొట్టేసేవాణ్ణి.

7. అత్యవసర కారణము: పిల్లలు ఇంకా పాలు మానకముందే, వేళ కాని వేళ, దొరసాని మళ్ళీ ఎదకు వస్తున్న గుర్తులు కనిపిస్తున్నాయి. పై ఆదివారం మగకుక్కను తీసుకువస్తున్నారని, వాడు ఫోనులో మాట్లాడుతుండగా మెట్ల మీద నుంచి విన్నాను. ఆపరేషన్‌కు యజమాని సంతకం కావాలట. నేను యజమానిని కాను. మాట చెల్లే బావను కూడా ఇప్పుడు కాను. కాబట్టి తమరు తప్ప నాకు దిక్కు లేదు.

పై కారణముల దృష్ట్యా తమరు డాక్టరమ్మ గారిని వెంటబెట్టుకుని ఆదివారానికి ముందే స్వయంగా వచ్చి, దొరసాని ఇక ఈనకుండా ఆపరేషన్‌కు ప్రతివాది చేత సంతకం చేయించవలెను. తల్లికీ పిల్లలకూ ఎవరి మందు వారికి, విడివిడిగా, తమ కళ్ళ ముందే పట్టించవలెను. రెండు నెలలు నిండి, మందులూ టీకాలూ పడకుండా ఏ పిల్లా గది దాటరాదని గట్టిగా చెప్పవలెను. నోటీసు ఒక్కటే పంపి ఊరుకుంటే వాడు దాన్ని పిల్లల కింద పరిచేస్తాడు. "తగు చర్య నిమిత్తం పంపడమైనది" అని మాత్రం రాయకండి. ఆ వాక్యం నా చేత్తో ఎన్నోసార్లు రాశాను, దాని వెనక ఏమీ ఉండదని నాకు తెలుసు.

వాణ్ణి జైలుకు పంపమని నేను కోరడం లేదు. దొరసానిని తీసుకుపోవద్దు కూడా. కుక్కలు వాడి మాట వింటాయి. ఎంత పొగరుబోతు కుక్క అయినా వాడి దగ్గర గోళ్ళు కత్తిరించుకుంటుంది, స్నానానికి నిలబడుతుంది. ఊళ్ళో వాళ్ళ కుక్కలకు ఆ పనులు చేసిపెట్టడానికి అనుమతి ఇప్పిస్తే వాడు దానిమీదే బతకగలడు. నేను చెబితే దెప్పినట్టు ఉంటుంది, తమరు చెబితే వింటాడు.

తీరిక చేసుకుని, మధ్య పేజీలతో సహా, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మేడ మీది వాటా మనిషి
(పేరు, చిరునామా కవరు వెనక రాశాను)

తా.క.: సొంతవాళ్ళ మీద అర్జీ పెట్టినవాళ్ళు తమ పేరు బయటపెట్టవద్దని కోరడం ఆనవాయితీ. మా బల్ల దగ్గర అందరూ చెవిలో చెప్పి పోయేవాళ్ళు. నా విషయంలో అలా చేయకండి. వాడికి ఇచ్చే కాగితంలో ఫిర్యాదు చేసింది నేనేనని, నా పేరు పెద్ద అక్షరాలతో, చదవగానే తెలిసేలా రాయించండి. చదివాక కింద ఉండలేడు. నాకు వాడి సంగతి తెలుసు. ఆ కాగితం పట్టుకుని గబగబా మెట్లెక్కి వచ్చి, తలుపు కొట్టకుండానే లోపలికి వస్తాడు. నోటికొచ్చినట్టు తిడతాడు. తిట్టనివ్వండి. ఎంత తిట్టినా ముందు "బావా" అనే మొదలుపెడతాడు, వాడికి నన్ను ఇంకోలా పిలవడం చేతకాదు.